స్ప్రాకెట్ పళ్లు మారిస్తే మీటరు లెక్కా మారుతుంది

సంపాదకులు గారికి,

నమస్కారం. మోటార్‌సైకిల్ చైన్ సెట్ అరిగిపోయి కొత్తది వేయించేటప్పుడు, పనిలో పనిగా ముందు స్ప్రాకెట్‌కు (ఇంజిన్ పక్కన ఉండి చైన్‌ను తిప్పే పళ్ల చక్రానికి) ఒక పన్ను తగ్గించడమో పెంచడమో చేయించుకునేవారు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. పాడేరు, అరకు ఘాట్ రోడ్లలో ఇద్దరెక్కినా బండి బాగా లాగాలనుకునేవారు పన్ను తగ్గిస్తారు. విజయవాడ–హైదరాబాద్ హైవే మీద ఇంజిన్ అరుపు తగ్గాలని, పెట్రోలు కలిసిరావాలని కోరుకునేవారు పెంచుతారు. ఆ కోరికల్లో తప్పేమీ లేదు. అయితే ఈ మార్పు వల్ల కొన్ని బళ్లలో స్పీడోమీటరు, దానితోపాటు కిలోమీటర్ల రీడింగు కూడా తప్పుతాయి. పన్ను పెంచినప్పుడు ఆ తప్పు ప్రమాదకరమైన వైపుకు మొగ్గుతుంది. ఈ సంగతి బండి యజమానులకు ముందుగా ఎవరూ చెప్పడం లేదన్న బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడిగితే చాలామంది మెకానిక్కులు "మీటరుకేమీ కాదండీ" అంటారు. వారు అబద్ధం చెబుతున్నారని నేను అనను. వారు పని నేర్చుకున్న స్ప్లెండర్, పాత బుల్లెట్ వంటి బళ్లలో మీటరు కేబుల్ ముందు చక్రం హబ్ నుంచి పైకి వస్తుంది కాబట్టి, వెనకాల చైన్‌కు ఏం చేసినా ముల్లు లెక్క తప్పదు. కానీ తర్వాత వచ్చిన కొన్ని మోడళ్లలో వేగాన్ని పట్టే సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గర, అంటే ముందు స్ప్రాకెట్ బిగించే షాఫ్టు వద్దే ఉంటుంది. ఆ సెన్సర్‌కు చక్రం కనిపించదు. అది షాఫ్టు తిరుగుళ్లను మాత్రమే లెక్కపెట్టి, కంపెనీ బిగించిన పళ్ల నిష్పత్తే ఇప్పటికీ ఉందనుకుని వేగం చూపిస్తుంది.

ఒక లెక్క చూడండి. ముందు 14 పళ్లు, వెనక 42 పళ్లు ఉన్న బండిలో చక్రం ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్టు సరిగ్గా 3 చుట్లు తిరగాలి. ముందు 13 పళ్లది వేస్తే అదే చుట్టుకు షాఫ్టు సుమారు 3.23 సార్లు తిరుగుతుంది కనుక మీటరు మునుపటికంటే దాదాపు 7.7 శాతం ఎక్కువ చూపుతుంది. 15 పళ్లది వేస్తే 2.8 చుట్లే చాలు. అప్పుడు మీటరు దాదాపు 6.7 శాతం తక్కువ చూపుతుంది. వెనక స్ప్రాకెట్‌కు మూడు పళ్లు పెంచి 45 చేసినా, ముందు ఒక పన్ను తగ్గించినంత తేడా దాదాపుగా వస్తుంది.

ఇక్కడ ఎక్కువ చూపడం, తక్కువ చూపడం ఒకటే కావు. స్పీడోమీటర్లపై ఉన్న ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ ఎన్నడూ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు గాని, ఆ ఎక్కువ అసలు వేగంలో పదో వంతుకు 4 కిలోమీటర్లు కలిపినంతను దాటకూడదు. అందుకే కంపెనీలు మీటరును కావాలనే కాస్త ఎక్కువ చూపేలా తయారు చేస్తాయి. ఒక బండి అసలు 80లో వెళ్తుండగా మీటరు 84 చూపుతుందనుకుందాం. 13 పళ్లతో అది సుమారు 90 చూపుతుంది. నిబంధన అనుమతించే 92 లోపే ఉంది. అదే 15 పళ్లతో 78 చూపుతుంది. కంపెనీ మన భద్రత కోసం వదిలిన ఆ కాస్త వెసులుబాటు ఒక్క పన్నుతో హరించుకుపోయింది. కేంద్రం 2018లో నాలుగు వరుసల రహదారులపై మోటార్‌సైకిళ్లకు గంటకు 80, పట్టణాల్లో 60 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని నిర్ణయించింది. ముల్లు 80 దగ్గర ఉంది కదా అని నిశ్చింతగా వెళ్లేవాడు అప్పటికే ఆ పరిమితి దాటి ఉంటాడు. స్పీడ్ గన్ బండి అసలు వేగాన్నే కొలుస్తుంది, మన మీటరును చూడదు.

కిలోమీటర్ల లెక్క ఇంతకంటే మోసకరం. పన్ను తగ్గించినవారు "పికప్ పెరిగింది, మైలేజీ మాత్రం తగ్గలేదు" అని సంతోషంగా చెబుతుంటారు. అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంటే పెట్రోలు ఖర్చు సాధారణంగా పెరుగుతుంది. లీటరుకు 45 ఇచ్చే బండి 43కు దిగినా, మీటరు కిలోమీటర్లను 7.7 శాతం పెంచి చూపుతుంది కాబట్టి లెక్కలో 46 వస్తుంది. తగ్గిన మైలేజీ పెరిగినట్టు కనబడుతుంది.

పన్ను పెంచిన బండిలో దీనికి వ్యతిరేకం జరుగుతుంది, ఆ నష్టం కొనేవాడి మీద పడుతుంది. మా బంధువుల అబ్బాయి ఇటీవల సెకండ్ హ్యాండ్ బండి కొన్నాడు. చైన్ శబ్దం వస్తోందని ముందు స్ప్రాకెట్ కవరు విప్పించి, గట్టిపడిన గ్రీజును కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో తుడిపిస్తే ఇనుము మీద 15 అంకె బయటపడింది. ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్నది 14. అమ్మినవారు ఆ సంగతి చెప్పలేదు. మీటరులో 28,000 కిలోమీటర్లున్న ఆ బండికి మొదటినుంచీ అదే స్ప్రాకెట్ ఉండి ఉంటే అసలు తిరిగింది 30,000. ఆయిల్ మార్పు, సర్వీసు గడువులన్నీ కూడా ఆ మేరకు ఆలస్యమై ఉంటాయి. ఆర్‌సీలో పళ్ల సంఖ్య ఉండదు కనుక, కాగితాలు చూసి ఈ తేడాను పట్టుకోలేం.

మన బండి ఏ రకమో తెలుసుకోవడం కష్టం కాదు. సెంటర్ స్టాండ్ వేసి, చైన్‌కు చేతులు, బట్టలు దూరంగా ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేసి మొదటి గేరులో ఇంజిన్‌తోనే వెనక చక్రాన్ని నెమ్మదిగా తిరగనిచ్చినప్పుడు మీటరు సున్నా మీదే ఉంటే వేగం ముందు చక్రం నుంచి వస్తోందని అర్థం. ఆ బండికి పళ్ల మార్పుతో మీటరు చెడదు. మీటరు కదిలితే గేర్‌బాక్స్ సెన్సరో, వెనక చక్రం సెన్సరో అయి ఉంటుంది, అప్పుడు మెకానిక్‌తో చూపించుకోవాలి. ఏబీఎస్ (చక్రాల సెన్సర్లతో పనిచేస్తూ, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది కాబట్టి మీటరు కూడా చక్రం నుంచే తీసుకుంటుందని అనుకోవద్దు, అది మోడల్‌ను బట్టి ఉంటుంది. పళ్లు మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి తిన్నని రోడ్డు మీద నిలకడ వేగంతో వెళ్తూ, వెనక కూర్చున్నవారి చేత ఫోన్‌లో జీపీఎస్ వేగం చూపించుకుంటే తేడా ఎంతో తేలిపోతుంది. సెన్సర్ సంకేతాన్ని సరిదిద్దే చిన్న పరికరాలు కూడా దొరుకుతాయి. పన్ను పెంచి తీరాలనుకునేవారు ఆ ఖర్చును స్ప్రాకెట్ ఖర్చులో భాగంగానే చూడాలని నా అభిప్రాయం.

వాహన కంపెనీలు మీటరు వేగాన్ని ఎక్కడి నుంచి తీసుకుంటుందో ఓనర్స్ మాన్యువల్‌లో, స్ప్రాకెట్ పళ్ల సంఖ్య పక్కనే ఒక్క వాక్యంలో ముద్రించాలి. చైన్ సెట్లు అమ్మే దుకాణాలు, బిగించే మెకానిక్కులు పాత పళ్లెన్ని, కొత్త పళ్లెన్ని అన్నది బిల్లు మీద రాసి ఇవ్వాలి. ఆ బిల్లు బండి కాగితాలతోపాటు ఉంటే, రేపు ఆ బండి కొనేవారు దాన్ని చూసి అడగగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఏలూరు