ట్రామ్ గుండీని వెనక్కి తిప్పి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పుటలో అచ్చయిన పాత ఇత్తడి గుండీల (సిబ్బంది యూనిఫాంకు కుట్టేవి) ఫొటో కింద ‘1907 నాటి బొంబాయి మునిసిపల్ ట్రామ్ గుండీలు’ అని రాశారు. ఆ ఏడాది మే 7న బొంబాయిలో కరెంటు ట్రాములు మొదలైన మాట నిజమే గాని, అవి అప్పటికి 1905లో ఏర్పడిన బాంబే ఎలక్ట్రిక్ సప్లై అండ్ ట్రామ్‌వేస్ కంపెనీవి. నగరపాలక సంస్థ వాటిని తన చేతిలోకి తీసుకున్నది 1947 ఆగస్టు 7న. కాబట్టి ఆ గుండీలు 1907 నాటివైతే మునిసిపల్‌వి కావు, మునిసిపల్‌వైతే 1907 నాటివి కావు.

యాజమాన్యం మారినా ‘బెస్ట్’ అనే పొడి అక్షరాలు అలాగే ఉండిపోయాయి. చివరి ‘టి’ మాత్రం ట్రామ్‌వేస్‌కు బదులు ట్రాన్స్‌పోర్ట్‌ను సూచించసాగింది. ఆ అక్షరాలు మాత్రమే ఉన్న గుండీని ముందు వైపు చూసి అది కంపెనీదో కార్పొరేషన్‌దో తేల్చలేము. 1926 నుంచి బస్సులూ నడిపారు గనుక ట్రామ్ సిబ్బందిదేనని కూడా చెప్పలేము. ఇక బొంబాయిలో ఆఖరి ట్రాము 1964 మార్చి 31న ఆగిపోయింది.

అందుకే గుండీని వెనక్కి తిప్పాలి. కుట్టుకునే రింగు చుట్టూ ఉండే సన్నటి అక్షరాలలో తయారీదారు పేరు, ఒక్కోసారి చిరునామా ఉంటాయి. లండన్‌లోని ఫర్మిన్, బర్మింగ్‌హామ్‌లోని గాంట్ వంటి సంస్థలు ఇలాగే పేరు వేసేవి; కాలాన్ని అంచనా వేయడానికి ముందున్న చిహ్నం కంటే ఆ పేరు, చిరునామాలే ఎక్కువ ఉపయోగపడతాయి.

బ్రిటన్‌లో కంపెనీ గుండీకీ కార్పొరేషన్ గుండీకీ తేడా కనిపెట్టడం ఇంత చిక్కుగా ఉండదు. 1870 నాటి ట్రామ్‌వేల చట్టం 21 ఏళ్ల తరువాత కంపెనీల లైన్లను కొనుక్కునే హక్కును స్థానిక సంస్థలకు ఇచ్చింది. గ్లాస్గో కార్పొరేషన్ 1894 జులై 1 నుంచి తానే ట్రాములు నడిపింది. అక్కడి సిబ్బంది గుండీలపై చెట్టు, పిట్ట, చేప, గంట ఉన్న నగర చిహ్నం కనిపిస్తుంది.

మా ధర్మాబాద్ వైపు నడిచింది నిజాం రైలే గాని ట్రాము కాదు. అయినా బొంబాయికి పనికి వెళ్లిన తెలుగు కుటుంబాల పెట్టెల్లో ఇలాంటి గుండీలు, నంబరు బిళ్ళలు ఉండవచ్చు. (మన వాళ్ళు బిళ్ళ బంట్రోతును గుర్తుపట్టినట్టే, అక్కడి ప్రయాణికులు కండక్టరును అతని నంబరుతో గుర్తుపట్టేవారు.) చిలుము పట్టిందని వాటిని చింతపండుతో తోమితే వెనకున్న ఆ సన్నటి అక్షరాలు అరిగిపోవచ్చు. పొడి గుడ్డతో తుడిచి, ఏటవాలు వెలుతురులో చదివితే చాలు. తూకానికి అమ్మే ముందు ముంబయి ఆనిక్ డిపోలోని బెస్ట్ మ్యూజియం వారిని ఒకసారి అడగడం మేలు.

ఫొటో కింది వ్యాఖ్యను సవరించి, వీలుంటే ఆ గుండీల వెనక వైపు ఫొటో కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర