మా ఊరి రైల్వే స్టేషనే ఐక్యరాజ్యసమితి అంట నాన్నా

నాన్నా,

వాట్సాప్‌లో పొడుగు మెసేజ్ పెడితే కళ్ళు లాగుతున్నాయి అంటావు, వాయిస్ పెడితే సగం వినిపించలేదు అంటావు, అందుకే ఈసారి కూర్చుని మొత్తం టైప్ చేసి చెల్లికి పంపుతున్నా, కుషాయిగూడలో ఎక్కడైనా ప్రింట్ తీయించి ఇస్తుంది, పెద్ద అక్షరాలు పెట్టమని చెప్పా. అమ్మ పంపిన ఒడియాలు అందాయి, సగం పొడి అయ్యాయి, ఆ పొడి కూడా వదల్లేదులే.

అసలు విషయం ఏంటంటే నీ మనవరాలికి నీ మీద ఒక డౌట్ వచ్చింది. దానికి కారణం ఒక సినిమా, ఆ సినిమా నువ్వు కూడా చూశావు. గుర్తుందా, డీఏఈ కాలనీలో మనం అద్దెకి వీసీపీ తెచ్చి ఒక రాత్రికి మూడు క్యాసెట్లు వేసేవాళ్ళం, నువ్వు సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చేసరికి మూడోది నడుస్తుండేది. అలాంటి రాత్రి ఒకటి సూపర్‌మాన్ నాలుగో భాగం చూశాం, ఇంగ్లీషులోనే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా నోరు తెరుచుకుని చూశాం.

నేను రోజూ లండన్‌కి రైలెక్కే స్టేషన్ ఉంది కదా, మిల్టన్ కీన్స్ సెంట్రల్, ముందు పెద్ద ఖాళీ స్థలం, మూడు వైపులా అద్దాల బిల్డింగులు, నీకు వీడియో కాల్‌లో చూపించా, "ఇదేందిరా మన బేగంపేటలో ఆఫీసులాగా ఉంది" అన్నావు. ఆ స్టేషనే ఆ సినిమాలో న్యూయార్క్ ఐక్యరాజ్యసమితి ఆఫీసు అంట! ఇన్నేళ్ళుగా అక్కడ ఫ్లాస్క్ పట్టుకుని పరిగెత్తుతున్నా, నాకు తెలీనే తెలీదు, మొన్న ఆఫీసులో ఒకాయన నవ్వుతూ చెప్పాడు. సూపర్‌మాన్ ఆ స్టేషన్ ముందు నడుచుకుంటూ వెళ్తాడు, వెనకాల జనం. ఇంటికొచ్చి ఆ సీన్ ఆపి ఆపి చూశా, ఎదురుగా కనిపించేది నేను కార్డు గీకి లోపలికెళ్ళే తలుపే.

ఎందుకిలా అంటే డబ్బుల్లేక. కేనన్ అని ఒక కంపెనీ తీసింది, మెనహెమ్ గోలన్, యోరమ్ గ్లోబస్ అని ఇద్దరు కజిన్స్ నడిపేవాళ్ళు, ఒకేసారి బోలెడు సినిమాలు మొదలెట్టి చేతులు కాల్చుకున్నారు, దీనికి 36 మిలియన్ డాలర్లు అనుకున్న బడ్జెట్ 17కి కోసేశారు. ఇక న్యూయార్క్ ఎక్కడిది, ఇంగ్లాండ్‌లో కొత్తగా కట్టిన ఊరు కదా అని ఇక్కడికొచ్చారు. హీరో క్రిస్టఫర్ రీవ్ పాపం తర్వాత తన ఆత్మకథలో కూడా ఈ సీన్ గురించి బాధపడ్డాడు. కథలో ఆయన చెయ్యి ఉంది, అణ్వాయుధాల మీద సినిమా చెయ్యాలన్నది ఆయన పట్టుదలే అంట. తీరా 1987లో రిలీజయ్యాక జనం నవ్విపోయారు. నవ్వరా మరి, ఎగిరొచ్చే షాట్ ఒకటే తీసి అదే మళ్ళీ మళ్ళీ వేశారు, చంద్రుడి మీద ఫైటింగ్ అయితే వెనక నల్ల పరదా మడతలు కనిపిస్తుంటాయి, మన కాలనీ వినాయకచవితి స్టేజీ నాటకమే నయం, మనం పరదా లాగి కట్టేవాళ్ళం.

సరే, శనివారం సాయంత్రం బయట వాన, నీ మనవరాలు కూడా పక్కన కూర్చుని మొత్తం చూసింది. నీకు కథ గుర్తుండదు కాబట్టి చెప్తా. ఒక స్కూలు పిల్లాడు సూపర్‌మాన్‌కి ఉత్తరం రాస్తాడు, ఈ అణుబాంబులన్నీ నువ్వు తీసేయొచ్చు కదా అని. ఆయన ముందు తటపటాయిస్తాడు, వేరే గ్రహం వాణ్ణి, మీ భూమి చరిత్రలో వేలు పెట్టకూడదు అని. పేపర్లో పిల్లాడికి సూపర్‌మాన్ మొండిచెయ్యి అన్నట్టు హెడ్డింగ్ పడుతుంది. చివరికి సరే అని ఐక్యరాజ్యసమితికి (అంటే మా స్టేషన్‌కి) వెళ్ళి బాంబులన్నీ నేనే తీసేస్తా అని చెప్తాడు, అందరూ లేచి చప్పట్లు. తర్వాత అంతరిక్షంలో పేద్ద వల పట్టి మిస్సైళ్ళన్నీ చేపల్లాగా పోగేసి గిర్రున తిప్పి సూర్యుడిలోకి విసిరేస్తాడు.

ఇక్కడ మా ఆవిడ ఒక్క మాట అంది, "అందరూ చప్పట్లు కొట్టి వాళ్ళంతట వాళ్ళే ఇచ్చేస్తుంటే ఇంక సూపర్‌మాన్ ఎందుకండీ, లారీ చాలదా" అని. నాకు నవ్వొచ్చింది గానీ సినిమా మొత్తానికి అంతకంటే మంచి రివ్యూ లేదు.

నిజంగా జరిగింది కూడా అదే నాన్నా. ఆ సినిమా వచ్చిన ఏడాదే, 1987 డిసెంబర్ 8న, అమెరికా తరఫున రీగన్, రష్యా తరఫున గోర్బచెవ్ కూర్చుని మధ్యశ్రేణి మిస్సైళ్ళు తీసేసే ఐఎన్ఎఫ్ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, 1991 మే నాటికి రెండు దేశాలవీ కలిపి 2,692 మిస్సైళ్ళు పోయాయి. వలా లేదు, సూర్యుడూ లేడు. కొన్నిటిని కాల్చారు, కొన్నిటిని పేల్చారు, అమెరికా వాళ్ళు అరిజోనాలో క్రూయిజ్ మిస్సైళ్ళని రంపంతో నిలువునా కోశారు, అవతలి దేశం ఇన్‌స్పెక్టర్లు పక్కన నిలబడి లెక్క రాసుకున్నారు. నువ్వు స్క్రాప్ వేలం గురించి చెప్పేవాడివే, ముక్కలు చేస్తే గానీ గేటు దాటనివ్వరు అని, అచ్చం అలాగే. కాకపోతే ఆ ఒప్పందంలో వార్‌హెడ్లని (మిస్సైల్ ముక్కున ఉండే బాంబులని) నాశనం చెయ్యాలన్న షరతు లేదు, మిస్సైల్, లాంచర్ వరకే. ఆ ఒప్పందం కూడా 2019లో పోయిందిలే.

పోయిన వేసవిలో గ్రీనమ్ కామన్ వెళ్ళాం, ఫొటోలు పెట్టా, నువ్వు గడ్డి బాగుంది అన్నావు. ఆ గడ్డి కిందటి జన్మలో రన్‌వే నాన్నా, అమెరికా వాళ్ళ క్రూయిజ్ మిస్సైళ్ళు 96 ఉండేవి అక్కడ. వాటిని తియ్యమని 1981 నుంచి ఆడవాళ్ళు కంచె బయట డేరాలు వేసుకుని కూర్చున్నారు, ఆ శిబిరం 2000 దాకా ఉంది, అంటే మిస్సైళ్ళు వెళ్ళిపోయాక కూడా ఇంకో తొమ్మిదేళ్ళు. చలిలో, బురదలో, పోలీసులు డేరాలు పీకేస్తే మళ్ళీ వేసుకుని. ఇప్పుడు మిస్సైళ్ళు పెట్టిన మట్టి దిబ్బలు కంచె అవతల అలాగే ఉన్నాయి, ఇవతల ఆవులు మేస్తున్నాయి, నిజం ఆవులు, మా ఊళ్ళో ఉండే సిమెంటు ఆవులు కాదు. ఒకటి వచ్చి మా పులిహోర డబ్బా వాసన చూసి పోయింది.

ఉత్తరం రాసిన పిల్లాడి సంగతి కూడా ఊరికే పుట్టించినట్టు అనిపించదు నాకు. అమెరికాలో సమంతా స్మిత్ అని పదేళ్ళ అమ్మాయి 1982లో రష్యా పెద్ద ఆండ్రొపోవ్‌కి నిజంగానే ఉత్తరం రాసింది, మాతో యుద్ధం చేస్తారా చెయ్యరా అని, ఆయన జవాబిచ్చి రమ్మని పిలిచాడు, 1983లో వెళ్ళొచ్చింది. 1985లో విమాన ప్రమాదంలో పోయింది, పదమూడేళ్ళే. ఇది నీ మనవరాలికి చెప్పానుగానీ చివరి ముక్క చెప్పలేదు.

ఇప్పుడు అసలు డౌట్. సినిమాలో విలన్ లెక్స్ లూథర్ (జీన్ హ్యాక్‌మన్ లే, ఆయనా 2025 ఫిబ్రవరిలో పోయాడు) సూపర్‌మాన్ వెంట్రుక ఒకటి దొంగిలించి మిస్సైల్‌కి పెట్టి పంపిస్తాడు, సూపర్‌మాన్ దాన్నీ సూర్యుడిలోకి విసురుతాడు, అందులోంచి న్యూక్లియర్ మాన్ అని ఒకడు పుడతాడు, పొడుగు గోళ్ళు, ఎండ తగలకపోతే స్విచ్ తీసేసినట్టు పడిపోతాడు. లిఫ్ట్‌లో పెట్టి మూసేస్తే తలుపు సందులోంచి సన్నటి ఎండ పడగానే మళ్ళీ లేస్తాడు, ఆ ఒక్క సీన్‌కి ఇది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చివరికి సూపర్‌మాన్ చంద్రుణ్ణి జరిపి గ్రహణం తెప్పించి, వాణ్ణి తీసుకెళ్ళి అణు విద్యుత్ కేంద్రం రియాక్టర్‌లో పడేస్తాడు. ఊరంతా లైట్లు వెలుగుతాయి.

అప్పట్లో ఈ సీన్ దగ్గరే నువ్వు రియాక్టర్ ఇంధనం చేసే షిఫ్ట్ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ పగలబడి నవ్వావు, నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. "ఓరి, మేము పెల్లెట్ పెల్లెట్‌నీ కొలుచుకుంటా చస్తుంటే వీడు మనిషికి మనిషిని తోసేశాడు" అన్నావు. తర్వాత ఎప్పుడో ఎగ్జిబిషన్‌లో డమ్మీ బండిల్ చూపించావు, ఆ యురేనియం పెల్లెట్లు నింపే 19 గొట్టాలు కట్టగట్టినట్టు, అర మీటరు పొడవు, నేను బజ్జీల బండి వైపు చూస్తుంటే తల పట్టుకుని ఇటు తిప్పావు.

ఈ ముక్క దీనికి చెప్పా, మీ తాతయ్య హైదరాబాద్‌లో ఎన్ఎఫ్‌సీలో (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) రియాక్టర్లకి ఇంధనం చేసేవాడు అని గొప్పగా. అదేమో వెంటనే "అంటే తాతయ్య బాంబులు చేశాడా" అంది. కాదమ్మా కరెంటు కోసం అన్నా. "మరి సినిమాలో బాంబోడే కదా కరెంటు అయ్యాడు, అంటే కరెంటు కూడా బాంబు అవుతుందా" అంది. ఏం చెప్పాలి చెప్పు? 1998 మే 11న పోఖ్రాన్ పేలుళ్ళ రోజు కాలనీలో స్వీట్లు పంచారు, నువ్వు తిన్నావు, రాత్రి భోజనాల దగ్గర మాత్రం పెద్దగా మాట్లాడలేదు. నేను అడిగితే "మాది వేరే పని రా" అన్నావు అంతే. 1974లో మొదటిసారి పేల్చినదాని ప్లుటోనియం పరిశోధనలకని కెనడా ఇచ్చిన సైరస్ రియాక్టర్‌లోంచే వచ్చిందని నేను పెద్దయ్యాక చదివా. అందుకే దానికి ఊరికే "కాదు" అని చెప్పలేకపోయా.

కానీ నువ్వు నవ్విన సీన్ గురించి ఒకటి దొరికింది చూడు. ఆ సినిమా వచ్చిన ఆరేళ్ళకి, 1993లో, అమెరికా రష్యాతో ఒప్పందం చేసుకుంది, రష్యా బాంబుల్లోంచి తీసిన యురేనియం 500 టన్నులు, అంటే ఇరవై వేల వార్‌హెడ్లకి సరిపడేంత, దాన్ని పల్చన చేసి (బాంబుకి పనికొచ్చే రకం 90 శాతం ఉన్నదాన్ని 5 శాతం కంటే కిందకి, పాలల్లో నీళ్ళు పోసినట్టు) అమెరికా కరెంటు కేంద్రాలకి ఇంధనంగా అమ్మారు. 2013 దాకా నడిచింది. ఆ ఇరవై ఏళ్ళూ అమెరికాలో పది బల్బుల్లో ఒకటి దాదాపు రష్యా బాంబు మీదే వెలిగిందంట! అంటే సినిమా మొత్తంలో అందరికంటే పిచ్చి సీన్ అనుకున్నదే నిజమైంది నాన్నా, వల నిజం కాలేదు, చప్పట్లు నిజం కాలేదు, రియాక్టర్ నిజమైంది. ఇది చదివిన రాత్రి నీకు ఫోన్ చేద్దామనుకున్నా, అక్కడ తెల్లవారుజామున మూడు.

పల్చన చేసినదాన్ని మళ్ళీ చిక్కగా చెయ్యొచ్చు కదా అని ఇది అడిగింది. చూశావా ఎలా పట్టుకుందో. చెయ్యొచ్చు కానీ చాలా కష్టం అన్నా, నిజానికి ఎంత కష్టమో నాకంటే నీకే బాగా తెలుసు.

అందుకే అది నీకు సొంతంగా ప్రశ్నలు రాసింది, ఈ ఉత్తరంతో పాటే ఆ కాగితం ఫొటో పంపుతున్నా. మొదటి ప్రశ్న బాంబు గురించి, రెండోది పెల్లెట్ ఎంత ఉంటుందని, మూడోది నీ దగ్గర హెల్మెట్ ఉండేదా అని. మొదటిదానికి నేనేం చెప్పానో పట్టించుకోకు, నీకు ఏది అనిపిస్తే అది రాయి, చిన్నపిల్ల కదా అని తీసిపారెయ్యకు. ఫోన్లో వద్దు, కాగితం మీద నీ చేత్తోనే రాసి చెల్లితో ఫొటో తీయించి పంపు. లైన్‌కి లైన్‌కి మధ్య జాగా వదులు, దానికి తెలుగు చదవడం వస్తోంది గానీ రియాక్టర్ అన్న చోట ట వత్తు దగ్గర ఆగిపోతుంది. నేను పక్కనే ఉంటాలే.

మోకాలికి రాసుకునే ఆయింట్‌మెంట్ అయిపోయుంటే చెప్పు, వచ్చే నెల ఇక్కణ్ణుంచి ఒకళ్ళు వస్తున్నారు.

మీ చిన్నోడు