పోయిన నెల వేలం పాటలో వెళ్లిన ఆ ‘లైకా’ సంగతి

గ్రూపులో ఉన్న అందరికీ నమస్కారం. పోయిన నెల ఆదివారం కెమెరాల వేలం పాటలో ‘లైకా టూ, ఎల్మార్ లెన్సుతో’ అని నేను పెట్టిన కెమెరాను గుంటూరు కస్టమర్ ఒకాయన 62 వేలకు పాడుకున్నారు కదా. అది జర్మనీ వాళ్ల పేరున్న లైకా కెమెరా కాదు. తప్పు పూర్తిగా నాదే.

ఆయన లెన్సు విప్పి లోపలి ఫొటో పంపారు. లెన్సు బిగించే గుంటలో పైవైపు రేంజ్‌ఫైండర్ (దూరం చూసి ఫోకస్ కుదిర్చే ఏర్పాటు) మీట ఒకటి ఉంటుంది. అసలు లైకాలో దాని కొసన చిన్న గుండ్రటి చక్రం ఉంటుంది. ఇందులో ఏటవాలుగా అరగదీసిన రేకు ముక్క ఉంది. చూడగానే నాకు చెమటలు పట్టాయి. అది సోవియట్ వాళ్ల జోర్కీ కెమెరా. లైకాను చూసి ఖార్కోవ్‌లో 1934 నుంచి ఫెడ్ అనే కెమెరా చేశారు, 1948 నుంచి క్రాస్నోగోర్స్క్‌లో జోర్కీ చేశారు. వాటి మీద వాటి పేర్లే ఉండేవి. తర్వాత ఎవరో ఆ పేర్లు చెరిపి లైకా అని చెక్కి అమ్ముకున్నారు. నాజీల గద్ద గుర్తు వేసిన బంగారు రంగు నకిలీలైతే దూరం నుంచే పసిగడతాను. ఈ నల్లటి సాదాదాన్ని నమ్మేశాను.

ఎందుకు చూడలేదంటే, లెన్సు బిగుసుకుపోయింది, బలంగా తిప్పితే పాడవుతుందని వదిలేశాను. తెచ్చినవాళ్లది పాత స్టూడియో కుటుంబం, తాతగారిదన్నారు. పాట 30 వేలు దాటినప్పుడైనా లేచి కెమెరా చూడాల్సింది. నేను ఫోన్ చూసుకుంటూ సంబరపడుతున్నాను.

కొరియర్ ఖర్చుతో సహా డబ్బంతా ఆయనకు తిరిగి ఇచ్చేశాను. స్టూడియో వాళ్లను అడగలేదు, వాళ్లకూ తెలియదు.

ఇక నుంచి పాటలో పెట్టే ప్రతి కెమెరాకు లెన్సు విప్పిన ఫొటో, టార్చి వేసి లెన్సులో బూజు ఉంటే కనిపించేలా తీసిన ఫొటో, షట్టర్ స్లో స్పీడ్‌ల వీడియో ఉంటాయి. విప్పలేనిది పాటకు రాదు. వారం లోపు వెనక్కి ఇవ్వొచ్చు.

ఇంకో మాట. 2022లో జర్మనీలోని వెట్స్‌లార్ వేలంలో ఒక లైకా కోటీ 44 లక్షల యూరోలకు పోయిందన్న వార్త చూపించి, ఇంట్లో ఉన్న ఆగ్ఫా క్లిక్ అనే మామూలు కెమెరాకు లక్షలు అడుగుతున్నారు. వేలంలో పోయిన ఆ లైకా 1925లో లైకా మార్కెట్‌లోకి రాకముందు పరీక్షకు చేసిన కొద్దివాటిలో ఒకటి, పైగా దాన్ని రూపొందించిన ఓస్కార్ బర్నాక్ సొంతానికి వాడుకున్నది. క్లిక్ మన దేశంలో ఇంటింటా ఉండేది. దానికి నేను వెయ్యి ఇస్తాను, తోలు కేసు బాగుంటే ఇంకో రెండొందలు.

ఆ జోర్కీ ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. షట్టర్ చక్కగా పడుతోంది. పైన చెక్కిన పేరు చెరపలేదు, అడుగున మాత్రం ‘ఇది లైకా కాదు’ అని చీటీ అంటించాను. 6 వేలు, బేరం లేదు.