బొగ్గుట్ట కథ 1920తో మొదలు కాలేదు

సంపాదకుడు గారికి,

ఏటా డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం అంటే జెండాలు, మిఠాయిలు, సన్మానాలు. సంతోషమే. అయితే అది 1920లో ఇప్పటి సింగరేణి బొగ్గు గనుల కంపెనీ ఏర్పడిన తేదీ. మా ఇల్లందులో బొగ్గు తవ్వకం అంతకు 31 ఏళ్ల ముందు, 1889లోనే మొదలైంది. ఆ 31 ఏళ్ల ఊసు సభల్లో ఒక్కరూ ఎత్తరు.

పాతవాళ్లకు మా ఊరు ఇప్పటికీ బొగ్గుట్టే. భద్రాచలం పోయే యాత్రికులు రాళ్లు పేర్చి పొయ్యి పెడితే, కట్టెలతోపాటు రాళ్లూ అంటుకున్నాయట! అది తాతలు చెప్పిన కథ. కాగితాల్లో ఉన్నది వేరు. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇక్కడ బొగ్గును గుర్తించాడు. ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ 1886లో తవ్వకం హక్కులు పొందింది. బొగ్గు కోసమే ఇక్కడిదాకా రైలు పట్టాలు వేశారు. స్టేషన్‌కు కూడా సింగరేణి కాలరీస్ అనే పేరు పెట్టారు, ఊరి పేరు కాదు. తమాషా ఏమిటంటే, 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు ఆ పేరిచ్చిన సింగరేణి గ్రామం ఖమ్మంలోనే ఉండిపోయింది. మేం భద్రాద్రి కొత్తగూడెంలోకి వచ్చాం.

మొన్న మా వీధిలో పదో తరగతి పిల్లాణ్ని బాయి (బొగ్గు గని) పని అంటే ఏంట్రా అని అడిగాను. ఓసీలో, అంటే పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో, డంపర్ లారీ నడపడం అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడు చూసింది అదే. వాళ్ల తాత మాత్రం తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన మనిషి. ఎనభై దాటాయి. బాయిలో ముందుగా పైకప్పును కర్రతో తట్టి చూసేవాళ్లమని, గుల్లగా మోగితే అక్కడ అడుగు పెట్టేవాళ్లం కాదని చెబుతాడు. ఆ చప్పుడు ఎలా ఉండేదో నోటితో చేసి చూపిస్తాడు. ఇది ఏ రికార్డులో దొరుకుతుంది?

కాబట్టి కంపెనీ వారికి, మున్సిపాలిటీకి నా విన్నపం చిన్నదే. మూతపడిన ప్రతి బాయి దగ్గరా ఒక రాతి పలక పెట్టించండి. బాయి పేరు, తెరిచిన ఏడాది, మూసిన ఏడాది, అందులో ప్రాణాలు పోయినవాళ్ల పేర్లు ఉంటే చాలు. ఆవిష్కరించిన నాయకుల పేర్లు వద్దు. రిటైరైన కార్మికుల మాటలను వాళ్ల గొంతుతోనే రికార్డు చేయించండి. ఖర్చు పెద్దగా కాదు, కానీ ఆలస్యం చేస్తే చెప్పేవాళ్లు మిగలరు. పోయిన ఏడాది మా వీధి అరుగు మీద ఆరుగురు కూర్చునేవాళ్లు. ఇప్పుడు నలుగురే. సాయంత్రం ఐదింటికి ఎవరొచ్చినా అక్కడే ఉంటారు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఇల్లందు