పలాస నుంచి ఆరోగ్య శాఖ మంత్రిగారికి ఒక తల్లి రాస్తున్న బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారం.

అయ్యా, మాది పలాస దగ్గర పల్లె. మా బాబుకి ఆరేళ్లు, ఆటిజం ఉంది. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోతాడు. చింతపిక్కలు ఇస్తే గుమ్మం పొడవునా వరస పేరుస్తాడు. ఒక్క పిక్క జరిగినా ఏడుపే.

రెండేళ్లప్పుడు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూసేవాడు కాదు. "గుంటడికి మాటలు నిదానంగా వస్తాయిలే, వాళ్ల నాన్నకీ అంతే" అన్నారు ఊళ్లో. చూపించిన డాక్టరుగారూ అదే అన్నారు. నమ్మి రెండేళ్లు పోగొట్టుకున్నాం. చివరికి విశాఖలో తేలింది. వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీకి తీసుకురమ్మన్నారు. ముప్పావుగంట క్లాసు కోసం తెల్లవారకముందే రైలెక్కి, రాత్రికి ఇల్లు చేరేవాళ్లం. రైలు కూతకి బాబు వణికిపోయేవాడు. మూడు నెలలకి డబ్బూ అయిపోయింది, ఓపికా అయిపోయింది.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకూ ఉంది. మంచిదే. కానీ థెరపీ చేసే మనిషి దగ్గరలో లేనప్పుడు కాగితాలు చేతిలో పెట్టుకుని ఏం చేసుకోమంటారు?

అందుకే ఒక పరిశోధన సంగతి మీ ముందు పెడుతున్నాను. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ రెండు నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలు 65 మందితో చేశారు, 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చారు. వాళ్లు పదిహేను రోజులకోసారి కూర్చుని, అమ్మ బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీసి, బిడ్డ ఎక్కడ స్పందించాడో అమ్మకే చూపించారు. ఆరు నెలల్లో తల్లిదండ్రులు బిడ్డ చేసేది గమనించి దానికి తగ్గట్టు మెలగడం నేర్చుకున్నారు, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఆటిజం పోయిందని అందులో ఎవరూ అనలేదు. మేం అడిగేదీ అది కాదు.

అది చదివాక నా పద్ధతి మార్చుకున్నాను. అంతకుముందు పిక్క ముఖం ముందు పెట్టి "ఇదేంటి నాన్నా, చెప్పు, చెప్పు" అని వేధించేదాన్ని. ఇప్పుడు పక్కన కూర్చుని, వాడి వరస చివర నేనూ ఒక పిక్క పెట్టి ఊరుకున్నాను. నాలుగోరోజు వాడే ఒక పిక్క తీసి నా అరచేతిలో పెట్టి, నా ముఖంలోకి చూశాడు.

ఇది నాకు నాలుగేళ్ల క్రితమే ఎవరైనా చెప్పాల్సింది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, ఊరూరా ఆశా కార్యకర్తలున్నారు. వాళ్లకి ఈ శిక్షణ ఇప్పించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన తల్లిదండ్రుల శిక్షణ కూడా ఉంది: తొమ్మిది సామూహిక తరగతులు, మూడుసార్లు ఇంటికి రావడం. దాన్ని మా ఉత్తరాంధ్ర మాటలో నేర్పించండి. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలకి ఆటిజం లక్షణాలు ముందే గుర్తించడానికి వాడే ఎం-చాట్ ఇరవై ప్రశ్నలు అంగన్‌వాడీలో అడిగించండి.

ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 2023లో పలాసలోనే పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి వచ్చాయి. రోగి దగ్గరికే వైద్యం రాగలదని మా కళ్లతో చూశాం. అదే ఆవరణలో మా పిల్లలకి ఒక గది, ఒక స్పీచ్ థెరపిస్టుని ఇవ్వండి. కుదిరితే ఆ గది జనం రద్దీకి, హారన్లకి దూరంగా ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక తల్లి,
పలాస మండలం, శ్రీకాకుళం జిల్లా