కీమో ముగిశాక చదువులో కనిపించే నెమ్మది

సంపాదకులకు,

లుకేమియా (రక్త క్యాన్సర్) నయమైన పిల్లల్లో కొందరు రెండు మూడేళ్ల తర్వాత లెక్కల్లో వెనకబడతారు, పరీక్షలో సగం జవాబులు రాసేసరికే గంట కొట్టేస్తారు. బడిలో వాళ్లకు దక్కే బిరుదు బద్ధకం. అది అన్యాయం.

లుకేమియా కణాలు మెదడులో దాక్కోకుండా కీమో మందు మెథోట్రెక్సేట్‌ను వెన్నులోకి ఎక్కిస్తారు. కొందరికి నరం ద్వారా భారీ మోతాదులోనూ ఇస్తారు. ఈ మందు ఫోలేట్ అనే బి విటమిన్‌కు అడ్డుపడి పనిచేస్తుంది. ఎదిగే మెదడుకూ ఫోలేట్ కావాలి కనుక మెదడులో సంకేతాలు మోసే తెల్ల పదార్థం దెబ్బతినవచ్చు. అలాగని చికిత్స మధ్యలో ఇంట్లోవాళ్లు సొంతంగా ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్) మాత్రలు వేయకూడదు, మందు బలం తగ్గిపోవచ్చు. తలకు రేడియేషన్ ఇస్తే ముప్పు ఇంకా ఎక్కువ. కానీ రేడియేషన్ ఇవ్వలేదు కాబట్టి భయం లేదనుకోవడం పొరపాటు. మరీ చిన్న వయసులో చికిత్స జరిగిన పిల్లలను మరింత జాగ్రత్తగా గమనించాలి.

ఈ పిల్లలు నేర్చుకున్నది మరిచిపోరు. కొత్తది నేర్చుకోవడమే నెమ్మదిస్తుంది. అందుకే తేడా మొదట్లో కనబడదు, తరగతి పెరిగేకొద్దీ బయటపడుతుంది. ఐక్యూ మొత్తం స్కోరు మామూలుగానే రావచ్చు. దాన్ని చూసి ఊరుకోకుండా పని వేగం, విన్నదాన్ని మనసులో నిలుపుకునే శక్తి, ఏకాగ్రతల స్కోర్లు విడిగా అడగాలి. ఈ పరీక్షలు చికిత్స ముగిశాక ఒకసారి, పై తరగతుల్లోకి వెళ్లేటప్పుడు మళ్లీ చేయించాలి.

అంతకుముందే వినికిడి, చూపు, థైరాయిడ్, నిద్ర సరిచూడాలి. గడ్డల క్యాన్సర్లకు వినికిడిని దెబ్బతీయగల కీమో మందు సిస్‌ప్లాటిన్ తీసుకున్న పిల్లలు పాఠం వినకపోవడానికి చెవే కారణం కావచ్చు. నరాలపై ప్రభావం చూపే మరో కీమో మందు విన్‌క్రిస్టిన్‌తో వేళ్ల పట్టు తగ్గితే రాత నెమ్మదిస్తుంది; వాళ్లకు టైపింగో, నోటిమాటగా జవాబులు చెప్పనివ్వడమో కావాలి.

బడి చేయగలిగింది తక్కువేం కాదు: పరీక్షకు అదనపు సమయం, బోర్డు మీద నుంచి ఎక్కించుకునే బదులు అచ్చు నోట్సు, ఒకసారికి ఒకే సూచన, ఒకే రకం లెక్కలు ఇరవై ఇచ్చే చోట ఎనిమిది. ట్యూషన్ గంటలు పెంచితే మాత్రం అలసట పెరిగి ఉన్న ఏకాగ్రతా పోతుంది. కొందరికి ఏకాగ్రతకు ఇచ్చే మందు మిథైల్‌ఫెనిడేట్ ఉపయోగపడుతుంది, అది నిపుణుడు తేల్చాలి.

ఆసుపత్రులకు ఒక విన్నపం. డిశ్చార్జి కాగితంలో ఏ మందు మొత్తం ఎంత ఇచ్చారో, వెన్నులోకి ఎన్నిసార్లు ఎక్కించారో, రేడియేషన్ ఎన్ని గ్రేలో (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రాసి, బడికోసం విడిగా ఒక పేజీ జతచేయండి. పెద్దయ్యాక డాక్టరు మారితే ఆ వివరాలు చెప్పడం ఆ పిల్లల వల్ల కాదు.

— చికిత్స ముగిసిన పిల్లల చదువు సమస్యలపై పనిచేస్తున్న మానసిక నిపుణులు