2023 వార్షిక నివేదిక: కార్యదర్శి నుంచి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో చుట్టుపక్కల ఉంటున్న తెలుగు ఎల్‌జీబీటీ మిత్రులుగా ఈ ఏడాది మనం చేసినవి, చేద్దామనుకుని వదిలేసినవి కింద రాస్తున్నాను. ఫొటోలు పెట్టలేదు. ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

ముందు రక్తదానం సంగతి. 2016 జూన్ 12 తెల్లవారుజామున మన ఊళ్లోని పల్స్ అనే గే నైట్‌క్లబ్‌లో 49 మందిని ఒకడు కాల్చి చంపాడు. ఆ రాత్రి అక్కడ లాటిన్ నైట్. పోయినవాళ్లలో ఎక్కువమంది లాటిన్ అమెరికా మూలాలున్న కుర్రకారు, వాళ్లలో దాదాపు సగం మంది ప్యూర్టోరికో మూలాలవాళ్లు. పొద్దున్నే ఊరంతా రక్తం ఇవ్వడానికి బారులు తీరింది. మనవాళ్లూ వెళ్లారు. కానీ గత ఏడాదిలో మరో మగవాడితో శారీరకంగా కలిసిన మగవాడి రక్తం తీసుకోకూడదని అప్పటి నిబంధన. క్యూలో ఉన్నవాళ్లకు మంచినీళ్ల సీసాలు పంచి తిరిగొచ్చారు. ఆ ఏడాది గడువు 2020లో మూడు నెలలకు తగ్గింది. ఈ మే నెలలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ పద్ధతినే మార్చింది. మగా ఆడా అందరినీ ఒకే ప్రశ్నలు అడుగుతారు, జవాబులను బట్టి తీసుకుంటారు.

అప్పుడు వెనక్కి వచ్చినవాళ్లలో ఒకాయన ఈసారి ఇచ్చి, చేతికి కట్టిన పట్టీ ఫొటో గ్రూపులో పెట్టారు. ఆ రోజు గ్రూపులో ఇంకో విషయం నడవలేదు. హెచ్‌ఐవీ సోకకుండా ముందుగా వేసుకునే ప్రెప్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం ఇంకా ఆగాల్సిందే, అందుకని మనలో కొందరు మళ్లీ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. సెలవులకు హైదరాబాద్ వెళితే అసలు ఇవ్వలేం. గే పురుషులను, ట్రాన్స్ వ్యక్తులను దూరం పెట్టే 2017 నాటి మార్గదర్శకాలను కేంద్రం ఈ ఏడాది సుప్రీంకోర్టులో సమర్థించుకుంది.

ఇక తుపాకి చర్చ. జులై 1 నుంచి ఫ్లోరిడాలో పర్మిట్ లేకుండానే తుపాకి దాచుకుని తిరగొచ్చు. ఆ వారమే ఒక సభ్యుడు "మనమూ కొనుక్కుందాం" అన్నాడు. రెండు గంటలు వాదించుకున్నాం, పులిహోర చల్లారిపోయింది. వీసా మీద ఉన్నవాళ్లకు మామూలుగా తుపాకి కొనే వీలు లేదు, ఓటూ లేదు. కొలరాడో స్ప్రింగ్స్‌లోని ఎల్‌జీబీటీ నైట్‌క్లబ్ క్లబ్ క్యూ సంగతి ఒక అక్క గుర్తుచేశారు. 2022 నవంబరులో అక్కడ కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. కాల్చినవాణ్ణి అణిచింది కుటుంబంతో డ్రాగ్ షో (వేషాలు కట్టి ఆడే ప్రదర్శన) చూడ్డానికి వచ్చిన మాజీ సైనికుడు రిచర్డ్ ఫియెరో, ఇంకొందరు. ఫియెరో ఉత్త చేతులతోనే మీదపడ్డాడు. ఈ జూన్‌లో ఆ హంతకుడికి పెరోల్ లేని యావజ్జీవ శిక్షలు పడ్డాయి. చివరికి తుపాకి మాట పక్కనపెట్టి, కారే రక్తాన్ని ఆపడం నేర్చుకున్నాం. టూర్నికే (రక్తం ఆపడానికి బిగించే పట్టీ) ఎక్కడ కట్టాలో, ఎంత బిగించాలో ఒకరి కాలు మీద ఒకరు సాధన చేశాం. సరిగ్గా బిగిస్తే బాగా నొప్పెడుతుంది, నా మాట నమ్మండి.

ఆగస్టులో కాలిఫోర్నియాలో దుకాణం ముందు ఇంద్రధనుస్సు జెండా కట్టినందుకు లారా ఆన్ కార్ల్‌టన్ అనే ఆవిడను కాల్చి చంపారు. ఆ తర్వాత దీపావళి స్టాల్లో మన జెండా పెట్టాలా వద్దా అన్నది తేలలేదు. పెట్టలేదు. ఆ నిర్ణయం నాకు నచ్చలేదని ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

పల్స్ స్థలాన్ని అక్టోబరులో 20 లక్షల డాలర్లకు నగరపాలక సంస్థ కొనాలని నిర్ణయించింది. ఏడేళ్లుగా మ్యూజియం మాటలు విని విసిగిపోయాం. స్మారకం ఎలా ఉండాలో జనాన్ని అడిగితే, మృతుల కుటుంబాల మాటే ముందు వినమని మన తరఫున ఉత్తరం రాస్తాం.

జమాఖర్చులు విడిగా పంపాం. కొన్న టూర్నికేలు కోశాధికారి గారి కారు డిక్కీలో ఉన్నాయి. మన విందులకు ఆయన రాలేకపోయినా కారు రావాలని సర్వసభ్య సమావేశం తీర్మానించింది.